పసుపు గుడ్డల బావ

మంగళవారం పొద్దున్న గోల్‌బజార్‌లో వంకాయలు ఏరుతుంటే, మా వీధి చివర ఉండే ఫిట్టరుగారి భార్య వచ్చి నా భుజం పట్టుకుంది. "మీ బావగారు పోనారంట. నువ్వు ఇంటికెల్లు," అంది. నేను చేతిలో ఉన్న వంకాయకి పుచ్చుందేమోనని తిప్పి చూసి, తూకం వేయించి, డబ్బులిచ్చి అప్పుడు కదిలాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు. న్యూ సెటిల్‌మెంట్‌లో మేమంతా ఉండే ఇంటికి వచ్చేసరికి మా అప్ప గుమ్మంలో కూర్చుని ఉంది. బావ పొద్దున్న లేచి టీ అడిగాడట. టీ కాగేలోగా పోయాడట.

అప్ప అంటే మా అక్క. శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీ రైల్వే ఊరికి వచ్చినవాళ్లం, అలాగే పిలుచుకుంటాం. ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. పొయ్యి మీద పప్పు మాడుతుంటుంది, నేను వరండాలో తిరుగుతుంటాను. మా తెలుగు సంఘం వాళ్లు ఏటా వేసే పుస్తకంలోకి ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నారు. రాయడానికి కూర్చుంటే మూడుసార్లు లేచాను. ఇది నాలుగోసారి.

మా వీధి మగవాళ్లంతా వర్క్‌షాపు కూత వినగానే సైకిలెక్కేవాళ్లే. మా బావ ఒక్కడే రైల్వే కాదు. పడమటి కొండల్లో ఒక రాగి గని ఉంది, అక్కడ నీళ్ల మేస్త్రీ. శనివారం సాయంత్రం పాసింజరులో వచ్చి సోమవారం పొద్దున్నే పోయేవాడు. నీళ్ల మేస్త్రీ అంటే దొరల తోటలకి నీళ్లు పెడతాడు కాబోలు అనుకునేవారు మావాళ్లు. పని అది కాదు. గని అడుగున ఊరే నీళ్లు రాతిలో నాని పుల్లబడతాయి, వాటిలో రాగి కరిగి ఉంటుంది. వాటిని పైకి తోడి, రాయి నూరే మిల్లు బురదతో పాటు ఒక పెద్ద చెరువులోకి వదులుతారు. అక్కడ సున్నం కలిపితే పులుపు విరిగి రాగి అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లని తూము ఎత్తి వాగులోకి పోనివ్వాలి. వాగు పొడుగునా పల్లెలున్నాయి. ఆ తూము ఎప్పుడు ఎత్తాలో చెప్పడం మా బావ పని.

"కిందన మనుషులున్నారు," అనేది ఆయన ఊతపదం. పెరట్లో మా అప్ప గంజి పారబోసినా అదే మాట, మేడ మీది వాళ్లు కుండీలకి నీళ్లు పోసినా అదే మాట. ఒకసారి రైల్లో ఎవరో పెద్దమనిషి మిగిలిన టీ కిటికీలోంచి విసరబోతే చెయ్యి పట్టుకుని, "దాదా, పీఛే భీ ఆద్మీ హై," అన్నాడు, వెనక పెట్టెల్లోనూ మనుషులున్నారని. ఆ పెద్దమనిషి ఉరిమి చూశాడు. మా అప్ప సిగ్గుతో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, "ఈ మనిషికి కిందన ఎవులున్నారో తప్ప పక్కన కూకున్న పెళ్లాం కనపడదు," అంది.

ఊరవతల ఇంజినీరింగు కాలేజీ కొత్త భవనాలు లేస్తున్న రోజులవి. నీళ్ల పులుపు చూసే రంగు కాగితాలు గనికి కలకత్తా నుంచి రావాలి. అయిపోయాయని ఉత్తరం రాస్తే నెలకి వచ్చేవి. ఒకనాడు మా ఇంట్లో పేరంటానికి నేను పసుపులో సున్నం కలిపి పారాణి చేస్తుంటే బావ వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"ఏటే మరదలా, సున్నం తగిలేసరికి ఎర్రబడిపోనాది?"

"మీ పెళ్లిలో చూడలేదా బావా?"

"నా పెల్లిలో మీ అప్పని సూసినాను. పారాణిని సూసే తీరికేదీ?"

పైవారం వచ్చి పసుపు గుడ్డలు కావాలన్నాడు. అలా ఆ పని నా నెత్తిన పడింది. పాత నూలు చీర పసుపు నీళ్లలో ఉడికించి, నీడన ఆరబెట్టి, వేలెడంత ముక్కలుగా కత్తిరించేదాన్ని. చెరువు నీళ్లలో ముంచితే గుడ్డ ఎర్రబడాలి. అంటే సున్నం సరిపడా కలిసినట్టు, తూము ఎత్తొచ్చు. పసుపుగానే ఉందంటే ఆగాలి. గనిలో ఇంజినీరు మొదట నవ్వాడట, తర్వాత ఆయనే నాలుగు ముక్కలు జేబులో వేసుకున్నాడట. ఆ సంగతి విని నేను వారం రోజులు వీధిలో తలెత్తుకుని తిరిగాను.

ఇక్కడే ఆగి మళ్లీ వరండాలోకి వెళ్లొచ్చాను. ఇది రాయకపోతే పైన రాసిందంతా దండగ.

ఆ ఏడు తొలి వానలప్పుడు, సోమవారం పొద్దున్న, బావకి బండి టైమైపోతోంది. గుడ్డలు ఎప్పుడూ పెట్టే బిస్కెట్ డబ్బాలో మా అప్ప జంతికలు పోసింది. పెరట్లో ఇంకో డబ్బా ఖాళీగా కనిపించింది. బట్టల సోడా అయిపోయిన డబ్బా. చీర చెంగుతో లోపల ఒకసారి తుడిచి, గుడ్డలు కుక్కి, మూత పెట్టి ఆయన చేతిలో పెట్టాను.

పైవారం బావ రాలేదు. ఆ పైవారం వచ్చాడు. చొక్కా విప్పకుండా, కాళ్లు కడుక్కోకుండా వరండాలో కూర్చున్నాడు. డబ్బా ఒళ్లో ఉంది.

"వానకి సున్నం బస్తాలు తడిసిపోనాయి. కూలోళ్లు సగమే కలిపినారు, నాకు సెప్పలేదు," అన్నాడు. "గుడ్డ ముంచినాను. ఎర్రగా వొచ్చినాది. ఈ కళ్లతో సూసినాను. తూము ఎత్తించినాను."

సాయంత్రానికి వాగులో చేపలు తేలాయట. ఒడ్డున ఒక రైతు నారుమడికి ఆ నీళ్లే పెట్టుకున్నాడు. మూడో రోజుకి నారంతా మాడిపోయిందట. ఆ ఏడు అతనికి నాట్లు లేవు.

మా అప్ప ఏడుస్తోంది. నేను డబ్బా తీసుకుని లోపలికి వెళ్లి, ఒక గుడ్డని కుండలోని మంచినీళ్లలో ముంచాను. ఎర్రబడింది. ఇంకోటి ముంచాను. అదీ ఎర్రబడింది. డబ్బాలో అంటుకున్న సోడా పొడి గుడ్డలన్నిటికీ పట్టింది. ఏ నీళ్లలో ముంచినా అవి ఎరుపే చూపిస్తాయి. 

మర్నాడు మా అప్ప స్నానానికి వెళ్లినప్పుడు చెప్పాను. "బావా, అది సోడా డబ్బా."

బావ నా చేతిలోంచి డబ్బా తీసుకుని, మూత తీసి వాసన చూసి, మళ్లీ పెట్టాడు. "నీకు తెలిసినాది, నాకు తెలిసినాది. సాలు," అన్నాడు.

"నేను ఆ పల్లెకొచ్చి చెప్తాను."

"ఏటి సెప్తావు? గుడ్డ నీది, తూము నాది. ముందు మంచినీల్లలో ముంచి సూసుంటే గుడ్డ సంగతి తెలిసిపోను. సూడలేదు. ఎవులికీ సెప్పనని నాకు మాటియ్యి."

ఇచ్చాను. తను పొరబడ్డానని ఆఫీసులో కాగితం రాసిచ్చాడు. సూపర్‌వైజరు కావలసిన మనిషి, ఉద్యోగం ఆఖరిదాకా మేస్త్రీగానే ఉండిపోయాడు. నాకు ఆయన మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఎవరడిగారు ఆ మంచితనం? నా తప్పు నన్ను మోసుకోనివ్వొచ్చు కదా? ఆయన నన్ను కాపాడాడని నాకు తెలుసు, అందుకు ఆయనకి రుణపడి ఉన్నాను. కానీ అందరూ ఆయన్ని చేతకానివాడన్నప్పుడల్లా నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల అయ్యేది కాదు, లేచి బయటికి వెళ్లిపోయేదాన్ని.

మరుసటి ఏడు నాట్ల సమయానికి సెలవు పెట్టి ఆ రైతు పొలంలో దిగాడు బావ. వారం తర్వాత మడమలు పగిలి వచ్చాడు. మా అప్ప ఆముదం రాస్తూ, "రైలు కట్ట పక్కన పుట్టినోడివి, నీకు నాట్లెయ్యడం వొచ్చేటి?" అని తిట్టింది. "రాలేదు. ఆ రైతే మల్లీ సరిసేసుకున్నాడు," అన్నాడు బావ.

గుడ్డలు మాత్రం మానలేదు. నా దగ్గరే పుచ్చుకునేవాడు. సోమవారం బయల్దేరే ముందు ఒక ముక్క మా కుళాయి నీళ్లలో ముంచి, ఎండలో పట్టి, పసుపుగానే ఉందని చూసి, డబ్బా సంచిలో పెట్టుకునేవాడు. గనిలో కూడా అదే పద్ధతి పెట్టించాడు. ముందు బావి నీళ్లలో ఒక గుడ్డ, తర్వాతే చెరువులో ఇంకోటి. నన్ను ఎత్తిపొడవాలని కాదు, నాకు తెలుసు. అయినా ఆ ముక్క ఎండలోకి ఎత్తినప్పుడల్లా నేనూ గుమ్మంలో నిలబడి దాని రంగు చూసేదాన్ని. తర్వాత కలకత్తా కాగితాలు సరిగ్గానే వచ్చేవి. ఇంకా గుడ్డలెందుకు బావా అని అడగడానికి నోరు రాలేదు.

బావ పోయిన పదో రోజున, భోజనాలు అయ్యాక, షామియానా చివర ఒక ముసలాయన ఒక్కడే కూర్చుని కనిపించాడు. బక్కపలచటి మనిషి, మోకాళ్ల దాకా పంచె. గనిలోవాళ్లు చెబితే పాసింజరులో వచ్చాడట. బెంగాలీలో తన పల్లె పేరు చెప్పాడు. నాకు తెలిసిన పేరే. ఆ నారుమడి ఆయనదే.

మా అప్ప దూరంగా ఉంది. బావకిచ్చిన మాట ఉంది. అయినా ఆ ముసలాయన ఎదురుగా నేల మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. నా బెంగాలీ బజారు బెంగాలీ, నారుకి మాట తెలియక చేత్తో చూపించాను. సోడా డబ్బా, చీర చెంగు, గుడ్డ, నేను, మా బావ కాదు, నేను.

ముసలాయన అంతా విన్నాడు. "ఆ ఏడు మా పెద్దవాడు వేరే ఊరు కూలికి వెళ్లాడు," అన్నాడు. "అక్కడే ఉండిపోయాడు. పెళ్లాం పిల్లలూ అక్కడే."  క్షమించానని గానీ, ఎందుకు చేశావని గానీ అనలేదు. 

తర్వాత, "దీదీ, జల్ దావో," అని మంచినీళ్లు అడిగాడు.

లోపలికి వెళ్లాను. స్టీలు గ్లాసు తోమాను, కడిగాను, మళ్లీ కడిగాను. నీళ్లు నింపి తెచ్చి ఇస్తుంటే కొంచెం నేల మీద ఒలికాయి. ఆయన రెండు చేతులతో అందుకున్నాడు. గ్లాసులోకి చూడలేదు. తలెత్తి, గొంతు కదులుతుండగా, ఆపకుండా తాగేశాడు. తాగి, మూతి తుడుచుకుని, ఇంకొంచెం పొయ్యమని ఖాళీ గ్లాసు నా ముందుకి చాచాడు.