మూడు దెబ్బలు

మా అత్తయ్య కుదురుగా కూర్చోవడం కుట్టుమిషను ముందు తప్ప ఇంకెక్కడా చూడలేదు నేను. అక్కడైనా ఒళ్ళే కుదురు, నోరు ఆడుతూనే ఉంటుంది. ఆవిడ కుడుతుంది, కోడల్ని కాబట్టి గుండీలూ హుక్కులూ నా వంతు.

మిషను ఆనుకుని ఉన్న గోడకి అవతల గడియారాలాయన ఉంటాడు. ఒంటి మనిషి. దుకాణం మూసేసి, ఇంట్లోనే గోడవారన బల్ల వేసుకుని పాత గడియారాలు బాగుచేస్తాడు. మా మిషను మోటారు తిరిగితే గోడ అదురుతుంది. గోడ అదిరితే ఆయన బల్ల మీది ఆవగింజంత స్క్రూలు కిందపడతాయి. అప్పుడు స్క్రూడ్రైవరు పిడితో గోడ మీద మూడు దెబ్బలు కొడతాడు. ఆపమని అర్థం. అత్తయ్య ఆపదు. మిషను ఈవిడ జరపదు, బల్ల ఆయన జరపడు. కిటికీ వెలుతురు ఇద్దరికీ అక్కడే మరి. నేను కాపురానికి రాకముందు నుంచీ వాళ్ళకి మాటల్లేవు, దెబ్బలే.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారు పొరుగువాణ్ణి ప్రేమించడం గురించి గంటసేపు చెప్పారు. అత్తయ్య గంటసేపూ తల ఊపింది. చివర్లో, ఎవరికైనా ప్రార్థన మనవులున్నాయా అని అడిగితే అందరికంటే ముందు లేచింది.

"మా పక్కింటాయన్ని ప్రభువు త్వరగా తీసుకుపోవాలని ప్రార్థించండి" అంది.

ఆయన ఇల్లు మారిపోవాలని ఆవిడ ఉద్దేశం. ఆ మాట నాకు తెలుసు, దేవుడికి తెలుసు. సంఘానికి తెలీదు. అలవాటుకొద్దీ అందరూ ఆమెన్ అన్నారు. పాస్టరుగారు మాత్రం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

సోమవారం పొద్దున అత్తయ్య మోటారు మీద కాలు పెట్టింది. బడులు తెరిచే రోజులు, యూనిఫారాలు కుప్పగా పడి ఉన్నాయి. ఒక చొక్కా అయింది, రెండో చొక్కా అయింది. గోడ మీద చప్పుడు లేదు.

"ప్రార్థన పనిచేసినట్టుందే" అంది సంబరంగా.

నా నోరు ఊరుకోదు కదా. "చేసే ఉంటుందత్తయ్యా. తీసుకుపొమ్మన్నారుగా, తీసుకుపోయుంటాడు" అన్నాను.

ఆవిడ మొహం పాలిపోయింది. చొక్కా పక్కన పడేసి వాకిట్లోకి వెళ్ళింది. ఆయన గుమ్మం ముందు పాల ప్యాకెట్టు అలాగే ఉంది. తలుపు తట్టడానికి చెయ్యి ఎత్తింది, దించింది. ఇన్నేళ్ళూ మాట్లాడని మనిషి, ఏమని పిలుస్తుంది? వెనక్కి వచ్చి దారం కూడా ఎక్కించకుండా ఖాళీ మిషను తిప్పింది. ఆపి, లేచి, మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళింది. ఈసారి తట్టింది. పలుకు లేదు. మళ్ళీ వచ్చి మిషను ఇంకా గట్టిగా తిప్పింది. గోడ మీది క్యాలెండరు ఊగుతోంది.

"కొట్టవయ్యా, కొట్టు" అంటోంది గోడతో. "నేనలా అడగలేదు ప్రభువా. ఇల్లు మార్చమన్నాను."

చూసి చూసి నాకు ఒళ్ళు మండింది. ఎగతాళి చేసింది నేనే కాబట్టి భయం కూడా వేసింది. లేచి ప్లగ్గు పీకేశాను.

చప్పుడు ఆగాక వినిపించింది. గోడకి బాగా కింద, నేలకి జానెడు ఎత్తులో, చాలా నీరసంగా. తక్. చాలాసేపటికి ఇంకోటి.

అత్తయ్య చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. ఎదురింటి వడ్రంగి వచ్చి గడియ ఊడగొట్టాడు. గడియారాలాయన బల్ల పక్కన నేల మీద పడి ఉన్నాడు. ముందురోజు సాయంత్రం స్క్రూ వెతుకుతూ జారిపడ్డాడట, తుంటి విరిగింది. చేతిలో స్క్రూడ్రైవరు ఇంకా ఉంది. పొద్దున తెలివొచ్చినప్పట్నుంచీ కొడుతూనే ఉన్నాడు. మా మిషను మోతలో ఆ నీరసపు దెబ్బలు మాకు వినపడలేదు, అంతే.

అత్తయ్య నేల మీద చతికిలబడి ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది.

ఆయన కళ్ళు తెరిచి చూశాడు. "ఇప్పటికి ఆపావా తల్లీ" అన్నాడు.

ఆసుపత్రిలో నర్సు, "మీరేమవుతారు?" అని అడిగింది. "పక్కింటిదాన్ని" అంది అత్తయ్య. "బంధువులెవరూ లేరా?" అంటే, "చెప్పానుగా, పక్కింటిదాన్ని" అని కసిరింది. నర్సు అలాగే రాసుకుంది.

రోజూ క్యారేజీ పట్టుకెళ్ళేది. యూనిఫారాలు ఆలస్యమై, పిల్లల తల్లులు నన్ను దులిపేశారు. అత్తయ్యకి అదేం పట్టలేదు. తినదు, పడుకోదు. మూడోరోజు మంచం పక్కన నిలబడి మొత్తం చెప్పేసింది, సంఘం ఆమెన్ అన్నదాంతో సహా.

ఆయన సీలింగు వైపు చూస్తూ విన్నాడు. "నీ మోటారు కాలిపోవాలని నేనూ రోజూ దణ్ణం పెట్టుకున్నానమ్మా. ఆ పైవాడు మనిద్దరి మాటా వినలేదు" అన్నాడు. నవ్వబోతే నొప్పి చేసింది. అత్తయ్య ఏడ్చింది. నేను క్యారేజీ కడిగే వంకతో బయటికి వచ్చాను. నాకూ ఏడుపొచ్చింది.

ఆదివారం అత్తయ్య మళ్ళీ లేచి, పోయిన వారం మనవి వెనక్కి తీసుకుంటున్నానని చెప్పింది. ఈసారి అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది పాస్టరుగారు.

నెలన్నరకి ఆయన చేతికర్రతో ఇంటికొచ్చాడు. మర్నాడు పొద్దున అత్తయ్య గుడ్డ సూది కింద పెట్టింది గానీ మోటారు మీద కాలు పెట్టలేదు. గోడ వైపు చూస్తుంది, గుడ్డ సర్దుతుంది, లేస్తుంది, కూర్చుంటుంది.

"కుట్టరేం?" అన్నాను.

"పడుకున్నాడేమోనే."

అరగంట అలాగే గడిచింది. ఉన్నట్టుండి గోడ మీద మూడు దెబ్బలు పడ్డాయి. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. ఆపమనడానికి అసలు మొదలుపెట్టనేలేదు.

మళ్ళీ మూడు, ఈసారి కంగారుగా. వెనకే గొంతు వినిపించింది.

"ఏమ్మా, మిషను మోగట్లేదు. బాగానే ఉన్నావా?"

"ఉన్నానన్నయ్యా" అని అరిచి, అత్తయ్య మోటారు మీద కాలు పెట్టింది.