సోడా కలపని గ్లాసు

ఆరేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. ఇలాంటి బరువు గుండె మీద ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు. నాకు మాత్రం నాలుక మీద ఉండేది. ఇంట్లో ఎవరైనా మా చిన్నాన్న పేరెత్తితే చాలు, నాలుక బరువెక్కేది. లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. సిగ్గరి పిల్ల అనుకునేవారు. అనుకోనిచ్చాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఒక సంగతి ముందే చెబుతాను. నేను చేసినవి రెండు పనులు. మొదటిదానికి నాకు బాధ లేదు. దానికి కూడా కన్నీళ్లు కావాలంటే, చదవడం ఇక్కడే ఆపేయండి.

మాది రాయపూర్ రైల్వే కాలనీ. నాన్న గూడ్సు ఆఫీసులో గుమాస్తా. ఆదివారం సాయంత్రం కాలనీలోని మన ఆంధ్రావాళ్లు నలుగురు మా ముందుగదిలో చేరి, పేకాడుతూ విస్కీ తాగేవారు. సీసా మాత్రం ముందుగదిలో కనిపించకూడదు. అది నాన్న మర్యాద. అది వంటింటి వెనక, రుబ్బురోలు పక్కన గూట్లో ఉండేది. అమ్మ దాన్ని ముట్టదు, మైల. కాబట్టి గ్లాసుల్లో విస్కీ పోసి, గోలీ నొక్కి నిమ్మసోడా కలిపి, పళ్లెంలో పెట్టి గుమ్మం దాకా అందించడం నా పని. పెళ్లికాని పిల్ల చేతులు చింతపండుతో తోముకుంటే శుద్ధి అవుతాయట. అమ్మ చేతులు కావట. ఎందుకని నేను అడగలేదు. ఆ రోజుల్లో నేను ఏదీ అడిగేదాన్ని కాదు.

ఒక ఆదివారం కమలాపండు రంగు సోడా సగం మిగిలింది. అందులో కొంచెం విస్కీ పోసుకుని తాగాను. మొదట కిరసనాయిలు లాంటి ఘాటు, వెంటనే తీపి, ఆ తర్వాత ఛాతీలో చిన్న కుంపటి. బాగుంది. ఈ మాట కొట్టేసి మళ్లీ రాయాలా అని ఆలోచించాను. కొట్టెయ్యను. బాగుంది. ఆ సాయంత్రం రుబ్బురోలు మీద కూర్చుని, చేతిలో ఉన్న నవల పైకి చదివాను. పైకి. నా గొంతు అంత బాగుంటుందని నాకప్పటిదాకా తెలియదు. ముందుగదిలో నలుగురు తాగితే స్నేహం, వంటింట్లో ఒక్కతె తాగితే పాపం ఎలా అవుతుంది? ఇప్పటికీ నాకు జవాబు దొరకలేదు. దొరుకుతుందని ఎదురుచూడటం కూడా లేదు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం కొంచెం తాగేదాన్ని. తాగినంత మేర సీసా నింపాలి కదా. టీ డికాక్షను పలచగా కాచి, గుడ్డలో రెండుసార్లు వడగట్టి, చల్లార్చి పోసేదాన్ని. రంగు కలిసిపోయేది. మా కాలనీలో సోడా లేకుండా తాగేవాళ్లెవరూ లేరు. నిమ్మ పులుపులో, సోడా పొంగులో అసలు రుచి ఎవరికి తెలుస్తుంది? నాన్న ఒకసారి గ్లాసు పైకెత్తి, "ఈ సీసా ఏ వన్ భాయ్, గొంతు గీరటం లేదు" అన్నారు. నేను ఓణీ నోట్లో కుక్కుకుని నవ్వాను.

ఇక చిన్నాన్న. నాన్న తమ్ముడు, లోకో షెడ్డులో ఫిట్టరు, మాతోనే ఉండేవాడు. ఒకప్పుడు ఇప్పసారా తాగి గోల్ బజారులో పడిపోతే రిక్షాలో వేసి తీసుకొచ్చారు. మర్నాడు స్నానం చేసి వచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి ఇక ముట్టనని ఒట్టేశాడు. ఆ తర్వాత ముట్టలేదు. ఆదివారం పేకాట మొదలవగానే పెరట్లోకి పోయి, బాగానే ఉన్న సైకిలును విప్పి మళ్లీ బిగించేవాడు. వాసన తగలకుండా అంత దూరం కూర్చునేవాడని నాకు తెలుసు.

ఒకసారి ఖరగ్‌పూర్ నుంచి గార్డు మావయ్య వచ్చారు. మాకు చుట్టం కాదు, నాన్నకు పాత స్నేహితుడు. గార్డుగా చేసి రిటైరయ్యారు. నేను ఇచ్చిన పళ్లెం చూసి మొహం చిట్లించారు.

"సోడాయేటయ్యా? పెళ్లికూతురికి ముసుగేసి కాపురం చేసినట్టు. ఉత్తది పట్రమ్మా."

ఉత్తదే పోశాను. పొయ్యక ఏం చేస్తాను? ఆయన ఒక్క గుక్క తాగి, గ్లాసు వెలుతురుకి పట్టి చూసి, నాన్న భుజం తట్టారు.

"ఇది చాయ్, బావూ. పంచదారొక్కటే తక్కువ. ఇన్నాళ్లూ నువ్వు చాయ్‌లో సోడా కలుపుకు తాగీసేవు."

గదంతా నవ్వారు. నాన్న నవ్వలేదు. ఆయన తిన్నగా పెరట్లోకి వెళ్లడం నేను గుమ్మం పక్క నుంచి చూశాను.

"ఏరా, మళ్లీ షురూ చేసేవా?"

"ఏటన్నయ్యా?"

"నలుగురిలో పరువు తీసీసేవు. పిల్ల తలమీద ఒట్టేసి తాగీసేవేటిరా? థూ."

చిన్నాన్న చేతిలో సైకిలు చైను ఉంది. నల్లటి చేతులతో అలాగే నిలబడ్డాడు. తాగలేదని ఒక్కసారే అన్నాడు. రెండోసారి అనలేదు. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, తలమీద చెయ్యి వేసి ఏడ్చింది. ఒట్టు తప్పింది, నాకేమవుతుందోనని. నేను ఆ చేతి కింద, నోటిలో నాలుక ఉండీ, నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్నే ట్రంకు పెట్టె సర్దుకుని చిన్నాన్న నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మలూ, నీ తలమీది ఒట్టు తప్పలేదే. నీకేం అవదు. భయపడకేం."

నేను తల ఊపాను. నమ్మినట్టు. నేనేదో నమ్మవలసినదాన్నయినట్టు.

ఇదీ రెండోది. దీనికి నా దగ్గర సమర్థన లేదు. ఎందుకు చెప్పలేదు? సిగ్గు వల్లనని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. చెబితే పుస్తకాలు చెడగొట్టాయని పుస్తకాలు తీసేస్తారు, సీసా పని తీసేస్తారు, నా ఆదివారాలు పోతాయి. నా ఆదివారాల కోసం ఒక మనిషిని ఇల్లు దాటించాను. ఆ రోజు డైరీలో వాన పడిందని మాత్రం రాశాను. తమాషా ఏమిటంటే, ఆ వారమే నాన్న గూటికి తాళం వేశారు. ఆ తర్వాత నేను తాగలేదు. పశ్చాత్తాపం కాదు, తాళం.

చిన్నాన్న గోండియాకి బదిలీ చేయించుకున్నాడు. మళ్లీ ఈ గడప తొక్కలేదు. అక్కడ మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టడని వచ్చినవాళ్లు చెబుతారు. నాన్న దాన్ని నాటకం అంటారు.

నిన్న గార్డు మావయ్య మళ్లీ వచ్చారు. పేకముక్కలు పంచుతూ, "ఆ చాయ్ దొంగ ఎక్కడున్నాడోయ్ ఇప్పుడు?" అన్నారు. నేను వేరుశనక్కాయల పళ్లెంతో గుమ్మంలో ఉన్నాను.

"ఇక్కడే ఉన్నానండి," అన్నాను. "కలిపింది నేను. తాగింది నేను."

నవ్వారు. నమ్మలేదు. "చూసేరా, చిన్నాన్నని వెనకేసుకొస్తోంది, పిచ్చిపిల్ల" అన్నారు నాన్న. నాకు కోపం వచ్చింది. నేను చేసిన తప్పు నాకు దక్కకుండా పోవడమేమిటి?

వంటింట్లోకి వెళ్లి డికాక్షను కాచాను. పలచన చేశాను. రెండుసార్లు వడగట్టాను. గిన్నెను చన్నీళ్లలో పెట్టి చల్లార్చాను. తొందరపడలేదు. చెయ్యి ఏదీ మరిచిపోలేదు. గ్లాసులో పోసి, సోడా కలపకుండా, నాన్న గ్లాసు పక్కన పెట్టాను. నాన్న గ్లాసులో ఇంకా సోడా పడలేదు. గార్డు మావయ్య రెండూ కిటికీ వెలుతురుకి పట్టి చూశారు. మార్చి చూశారు. ఏది ఏదో చెప్పలేకపోయారు.

నాన్న నేను పెట్టిన గ్లాసు తీసుకుని తాగారు. ఒక్క గుక్క కాదు, అంతా. ఖాళీ గ్లాసు పేకముక్కల మీద పెట్టి తల వంచుకున్నారు. ఎవరూ నవ్వలేదు.

ఇవాళ సాయంత్రం దాకా నాన్న నాతో మాట్లాడలేదు. తిట్టలేదు. క్షమించాననలేదు. గోండియా మాట ఎత్తలేదు. అమ్మ నా తలకేసి చూసి మొహం తిప్పుకుంటోంది. చిన్నాన్న వస్తాడో రాడో తెలియదు. వస్తే ఏ మొహంతో ఎదురుపడాలో అంతకన్నా తెలియదు.

మధ్యాహ్నం పెరట్లో కూర్చుని పుస్తకం తెరిచాను. పైకి చదివాను. అమ్మకి వినపడేలా.