తువ్వాలు కింద చెరకు మొలక

మా మేనత్త కొడుకు సన్యాసిరాజు పరిశోధకుడు కావలసినవాడు. కాలేదని కశింకోటలో ఇప్పటికీ నవ్వుకుంటారు. ఆ నవ్వేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళలో ఒక్కరూ ఆ చదువు చదివి ఎరగరు.

విశాఖ మీద జపాను బాంబులు పడి ఊరు ఖాళీ అయిన ఏడు, ముగ్గురు కాలేజీ మేష్టర్లు అనకాపల్లి వచ్చి చిక్కుకుపోయారు. ఒకాయనది రసాయనం, ఇంకొకాయనది భౌతికం, మూడో ఆయనది వృక్షశాస్త్రం. బెల్లం వర్తకుడు త్రినాధరావు వాళ్ళకి తన గోదాములో చోటిచ్చి రెండు పూటలా భోజనం పెట్టాడు. చెరకులో తీపి తల్లి మొక్క నుంచి పిల్ల మొక్కకి ఏ అణువు మోసుకెళుతుందో కనిపెట్టమన్నాడు. ముగ్గురూ కనిపెట్టింది ఒకటే, మిగతా ఇద్దరికీ ఏమీ రాదని. విస్తళ్ళ ముందు కూడా అదే గొడవ. ఆఖరికి వర్తకుడికి ఒక ఆలోచన తట్టింది.

"ముగ్గురి సదువూ ఒక్కడి బుర్రలోకి ఎక్కించీండి మేష్టారూ. అప్పుడు నేను ఒక్కడికే గదా బోజనం పెట్టాల" అన్నాడు.

తమ తిండికే ఎసరు పెట్టుకుంటున్నామని ఆ మహానుభావులకు తోచలేదు. శాస్త్రాల సమ్మేళనం అంటూ పొంగిపోయి సరే అన్నారు.

ఆ ఒక్కడు మా సన్యాసిరాజు. అప్పుడే బి.యస్సీ. ప్యాసై, పెళ్ళి కూడా చేసుకుని, ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్నాడు. ముగ్గురూ సరేనంటే పట్టా ఇస్తారు, పట్టా వస్తే వర్తకుడి దగ్గర పరిశోధకుడి ఉద్యోగం. మా అత్త ఆ కబురు నక్కపల్లి దాకా చాటింపు వేసింది.

శిక్షణ పొద్దున్నే మొదలయ్యేది. భౌతికం మేష్టారు చెరకు ఆకు తూచమన్నాడు. గోదాములో ఉన్నది బెల్లం దిమ్మలు తూచే కాటా. ముల్లు కదల్లేదు. "ఆకుకి బరువు లేదు, గుర్తుంచుకో" అన్నాడాయన. తరవాత రసాయనం మేష్టారు ఆ ఆకునే బెల్లం పెనంలో వేసి మండించాడు. ఏమీ మిగల్లేదు. "ఆకులో పదార్థం లేదు" అన్నాడు. మధ్యాహ్నం వృక్షశాస్త్రం మేష్టారి సూక్ష్మదర్శిని. దానికి వెలుతురు కావాలి, గోదాముకి ఉన్నది ఒకే కిటికీ, దాని కిందే ఆయన పడక. ఆయన నిద్ర లేచేసరికి పొద్దు వాలిపోయేది. "కణాలు ఉన్నాయిలే, నా మాట నమ్ము" అని ఆవులించేవాడు. అలా బరువూ పదార్థమూ లేకుండా నిండా కణాలున్న ఆకుని తలలో పెట్టుకుని మావాడు ఇంటికి వచ్చేవాడు.

అయినా పిచ్చివాడు నేర్చుకున్నాడు. రెండు రకాల చెరకు పూతల్ని కలిపి, రాలిన గింజల్ని మట్టిపెంకులో చల్లాడు. చెరకు గింజ దుమ్ములా ఉంటుంది, మొలవడం గగనం. ఒక్కటంటే ఒక్కటి మొలిచింది. దాన్ని ఎండకీ నీడకీ మారుస్తూ చంటిబిడ్డలా సాకాడు.

"పెల్లాం మొకం సూడ్డు గానీ దాని మొకమే సూత్తాడు" అని వాడి భార్య గురువమ్మ నా దగ్గర వాపోయింది. వాపోతూనే పెంకులో నీళ్ళు చిలకరించింది.

పరీక్ష రోజు వచ్చింది. ముగ్గురు మేష్టర్లూ ఆ మొలకే కావాలన్నారు. ఒకరు దాన్ని మండించాలి, ఒకరు ఎండబెట్టి పొడి చెయ్యాలి, ఒకరు నిలువునా చీల్చాలి. అందులో ప్రాణం ఎక్కడుందో తేలాలంటే ముందు దాన్ని చంపాలన్న ఒక్క విషయంలో ముగ్గురికీ పొత్తు కుదిరింది. ముందు ఎవరు అన్నదే తగువు. సన్యాసిరాజు పెంకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

త్రినాధరావుకి తెలిసిన న్యాయం బెల్లం బజారు న్యాయం. భుజం మీద తువ్వాలు తీసి తన చేతి మీద కప్పాడు. అక్కడ బేరమంతా తువ్వాలు కిందే. కొనేవాడు లోపల చెయ్యి పెట్టి వేళ్ళు నొక్కుతాడు, పక్కవాడికి తెలియదు, తువ్వాలు తీశాక మాట తిరగదు.

"నొక్కిన ఒక్కో ఏలికి ఒక నెల బోజనం మానుకోవాల. ఎక్కువ ఏళ్ళు నొక్కినోరికే మొక్క" అన్నాడు.

చదువుకున్న పెద్దమనుషులు ఒకరి తరవాత ఒకరు తువ్వాలు కింద చెయ్యి పెట్టి, ఆకలి తలుచుకుని ముఖాలు వేలాడేసుకుని వేళ్ళు నొక్కారు. వర్తకుడు తువ్వాలు తియ్యబోతుంటే సన్యాసిరాజు లేచి తన చెయ్యి దూర్చాడు. గుప్పిట మూసి పెట్టాడు. బజారులో మూసిన గుప్పిటంటే నువ్వడిగింది ఇస్తానని.

"పట్టా, ఉజ్జోగం రెండూ వొదిలీసుకుంటావేటి?" అన్నాడు వర్తకుడు.

"వొదిలీసేను బాబూ" అన్నాడు వీడు.

జీతం మిగిలిందన్న సంతోషంతో త్రినాధరావు తువ్వాలు దులిపాడు. వీడికి శాస్త్రం వంటబట్టలేదని మేష్టర్లు ముక్తకంఠంతో తేల్చారు. ఆ రోజు వాళ్ళు ఏకమైంది అది రెండోసారి.

మొక్కని కశింకోట తెచ్చి పెరట్లో నాటాడు. మా అత్త కొన్నాళ్ళు వాడితో మాట్లాడలేదు. మొక్క దుబ్బు కట్టి, గెడలు వేసి, ఏపుగా ఎదిగింది. కోత రోజున ఇంటిల్లిపాదీ చుట్టూ చేరాం. మొదటి ముక్క గురువమ్మే నమిలింది. నమిలి ముఖం చిట్లించింది.

"ఏటిది, గడ్డి నమిల్నట్టుంది" అంది.

నేనూ నమిలాను. వట్టి చప్పిడి. వీడు కూడా నమిలి, పిప్పి ఊసి, అక్కడే కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దీనికోసం బతుకు తగలేసుకున్నావు కదరా అని నాకు కోపం, అంతలోనే జాలి. గురువమ్మ కత్తి పట్టుకుని దుబ్బు దగ్గరికి వెళ్ళింది.

"నరికీమంటావా?"

సన్యాసిరాజు లేచి అడ్డంగా నిలబడ్డాడు.

"తియ్యటి తల్లికి ఇది సప్పగా ఎందుకు పుట్టిందో నాకింకా తెల్దే. బతికుంటే గదా తెలిసేది" అన్నాడు.