బొడ్డమ్మ ఎత్తని చెయ్యి

పూండి స్టేషన్‌కి తూర్పున ఉన్న మా ఊళ్లో బొడ్డమ్మ నమ్మిన మనిషంటూ లేడు. ఆవిడ భర్త గున్నయ్య కిడ్నీ జబ్బుతో పోయాడు. అంతకుముందు, ఆ జబ్బుకి నీళ్లే కారణమేమోనని బావి చూడ్డానికి ఎవరెవరో వచ్చారు. నీళ్లు బాగానే ఉన్నాయన్నారు. అన్నవాళ్లంతా వెంట తెచ్చుకున్న సీసా నీళ్లే తాగారు. అది ఆవిడ చూసింది. అప్పట్నించీ ఎవరు నవ్వుతూ గడప తొక్కినా, "ఏటి కావాల నీకు?" అనే అడిగేది.

కిందటి జనవరిలో మా బడికి టెక్కలి నుంచి నయోమి అనే కొత్త టీచరు వచ్చింది. ఇరవయ్యారో తారీకు జెండా పండక్కి రమ్మని ఇల్లిల్లూ తిరిగింది. జీడితోటలో ఆకులు ఊడుస్తున్న బొడ్డమ్మ చీపురు ఆపలేదు.

"జెండా ఆగస్టులో ఎగరేసినారు కదా. మల్లీ ఏటికి?"

"అది తెల్లవాళ్ల పాలన పోయిన రోజమ్మా. ఇది మన రాజ్యాంగం అమల్లోకొచ్చిన రోజు. దేశం ఎలా నడవాలో, మనకేం హక్కులున్నాయో అందులో రాసుకున్నాం. 'భారత ప్రజలమైన మేము' అనే మొదలవుతుంది."

"మేమంటే? నన్నెవులడిగినారు?"

నయోమి తడబడింది. "అప్పటికి మీరు పుట్టలేదు. కానీ ఇప్పుడు అడగొచ్చు. మాట్లాడ్డానికి కలెక్టరుకెంత హక్కుందో మీకూ అంతే."

"బాగా సెప్తన్నావు. బాగా సెప్పినోల్లంటేనే నాకు బయిం."

అయినా వెళ్లింది, ఏం చేస్తారో చూద్దామని. జెండా ఎగిరింది, బూందీ పంచారు. తర్వాత ఊరి పెద్ద జగదీశ్వరరావు ఇదే గ్రామసభ అన్నాడు. "ఊరు బాగుపడాలనుకునేవాళ్లంతా చేతులెత్తండి!"

అందరూ ఎత్తారు. ఆయన వెంట వచ్చిన కొత్త మనిషొకడు ఫోన్‌తో ఫొటోలు తీస్తున్నాడు. బొడ్డమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏటి బొడ్డమ్మా, ఊరు బాగుపడ్డం నీకిష్టం లేదా?"

"బాగుపడ్డానికి ఫొటో ఏటికి బాబూ? దేనికెత్తమన్నావో ముందు సెప్పు."

జనం నవ్వారు. "తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడాయన.

"అయితే సెయ్యీ తర్వాతే."

నయోమి ముందుకొచ్చింది. "అడిగే హక్కు ఆవిడకుంది సార్. విషయం చెప్పాకే ఒప్పుకోలు."

పంచాయతీ కార్యదర్శి నేల చూస్తూ చెప్పాడు. పశువులు మేసే బీలని, అంటే ఊరి ఉమ్మడి తడినేలని, రొయ్యల చెరువులకి ఇస్తారట.

ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. నవ్వినవాళ్లే ఫోన్‌వాణ్ణి చుట్టుముట్టారు. ఫోన్‌లోంచి ఫొటోలు చెరిపేసేదాకా కదలనివ్వలేదు.

ఫిబ్రవరిలో దండోరా వేయించి మళ్లీ సభ పెట్టారు. ఊరు వద్దంది. జగదీశ్వరరావు కూడా వద్దనే అన్నాడు. ఆయనెందుకన్నాడో బొడ్డమ్మకి అంతుపట్టలేదు. బీల వైపు ట్రాక్టరు చప్పుడైతే చాలు, చేతిలో పని వదిలేసి వెళ్లి చూసొస్తోంది.

మొన్న బడి దగ్గర నయోమిని ఆపింది. "మల్లీ అడక్కుండా సేత్తే ఎక్కడికెల్లాల?"

"కోర్టుకైనా వెళ్లొచ్చమ్మా."

బొడ్డమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. "నివ్వూ వత్తావా? సెప్పడం వరకేనా?"