ఆరింటి కబుర్లు ఆగిన రెండు సాయంత్రాలు

ఇప్పుడు స్తంభాల మీద కరెంటు వచ్చేసింది గానీ, మా ఊరు ఎంజింబాలో రేడియో స్టేషన్ సోలార్ పలకల మీద పడే ఎండను నమ్ముకుని బతికిన రోజుల అందమే వేరు. ఆ రోజుల్లో యోతాము న్యిరోంగో చెయ్యి పడితే బాగుపడని యంత్రం లేదు. చదివింది ఎనిమిదో తరగతే. ఆసుపత్రి ఫ్రిజ్‌కు ప్రాణం పోసిందీ, జొన్నపిండి మర మోటారుకు కొత్త తీగ చుట్టిందీ, రెండుసార్లు పిడుగు పడిన రేడియో స్తంభాన్ని నిలబెట్టిందీ ఆయనే. స్టేషన్ కంప్యూటర్లో లినక్స్ ఎక్కించిందీ ఆయనే.

అలాంటివాడికి ఒక వానాకాలం తలవంపులొచ్చాయి. లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌ను కొత్తది వేసిన మర్నాటి నుంచి బ్యాటరీలు నాలుగింటికే చేతులెత్తేశాయి. ఆరింటికి చావు కబుర్లు చదవాలి. ఊళ్లన్నీ సంకటి ముద్ద పక్కన పెట్టి వినేది వాటినే. రెండు సాయంత్రాలు రేడియో మూగబోయింది.

మూడోరోజు పొద్దున, కబుర్లు చదివే మాసోజి చీటీ పట్టుకొచ్చింది.

"ఏటవతలి ముసలమ్మ న్యాముంతలి పోయింది తాతా. రేపే మట్టి చేస్తారు. తమ్ముళ్లు ముగ్గురూ పొగాకు తోటల్లో ఉన్నారు, అక్కడ ఫోన్లందవు. ఇవాళ వినకపోతే అక్క మొహం చూడలేరు."

"మబ్బు పడితే నేనేం చేసేదే?"

"మొన్న ఎండ మాడ్చేసింది కదా! ఆకాశాన్ని తిట్టడం ఆపి నీ కంప్యూటరు పెట్టె మీద చెయ్యి పెట్టు. చిలగడదుంపలు కాల్చుకోవచ్చు."

పెట్టాడు. చుర్రుమంది. పనిలేనప్పుడు ప్రాసెసర్ నెమ్మదించాలి. ఇది బ్యాటరీ తాగేస్తూ ఊరికే పరుగెడుతోంది. పాత కెర్నల్‌తో లేపితే పది నిమిషాల్లో చల్లబడింది. కొత్తదానితో లేపితే మళ్లీ పొయ్యే. మిషన్ తన పనులు రాసుకునే చిట్టా, లాగ్, అంతా చదివాడు. ఏడేళ్ల కిందటి చిన్న స్క్రిప్టు ఒకటి, మిషన్ లేవగానే 'పనిని బట్టి వేగం' అనే పద్ధతిని అడుగుతోంది. ప్రాసెసర్ వేగాన్ని అదుపు చేసేందుకు కొత్త కెర్నల్ వాడే డ్రైవర్లో ఆ పద్ధతే లేదు. అడిగింది దొరక్క వేగం పైనే నిలిచిపోయింది.

"ఎవరు రాశారు తాతా అది?"

యోతాము గొంతు సవరించుకున్నాడు. "నేనే. బాగానే రాశాను. ఏడేళ్లు నడిచింది."

"నడిచిందిలే. ఇక దిగమను."

స్క్రిప్టులో ఆ వరస కొట్టేసి, కొత్త డ్రైవర్లో ఉన్న పొదుపు పద్ధతి పెట్టాడు. పెట్టె చల్లబడింది. అయినా బ్యాటరీ సగమే ఉంది. సాయంత్రం దాకా పాటలు ఆపించి, గదిలో ఫ్యాను ఆపేసి, మీటరు ముందే కూర్చున్నాడు. ఆరింటికి మాసోజి ముసలమ్మ పేరు రెండుసార్లు చదివింది.

మర్నాడు వానలో తడిసి ముగ్గురు తమ్ముళ్లూ వచ్చారు. మట్టి చేశాక పెద్దవాడు యోతాము చేతులు పట్టుకున్నాడు. "రేడియో మీరే బాగుచేశారటగా?"

ఎక్కడికెళ్లినా తన ఘనతలు వరసగా చెప్పుకునే మనిషి, అటు తిరిగి, "పెట్టె మీద చెయ్యి పెట్టమంది మాసోజి," అన్నాడు.