తమ్ముడికి నీళ్ళు తాపిన రోజు

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం మా నాన్న భివండి మగ్గాల మీద పనికి వెళ్ళిపోయారు. గంభీరావుపేట దగ్గరి మా ఊళ్ళో అమ్మ, నానమ్మ, నేను, ఏడాది నిండని తమ్ముడు మిగిలాం. నాన్న వెళ్ళిన నెలకే తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. రెండో రోజుకి వాడు ఏడ్చినా కంట నీరు రావడం లేదు.

నీళ్ళు తాగితే ఇంకా ఎక్కువవుతాయని నానమ్మ నమ్మకం. పాలు కూడా ఇవ్వనివ్వలేదు. వాడు చెంబు వైపే చూస్తుంటే, నేను దాన్ని వీపు వెనక దాచాను.

బీడీలు చుట్టే పక్కింటి అక్క కత్తెర కోసం వచ్చి వాణ్ణి చూసింది. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలింది. ఆ మడత వెంటనే సర్దుకోలేదు.

“అవ్వా, పోయేటియి నీళ్లే గదా. మనం తాపకుంటే పోరని ఒంట్ల ఏం మిగుల్తది?” అన్నది.

నానమ్మ కసిరినా అక్క కదల్లేదు. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో చిన్న చెంచాతో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలకొట్టి, అంచుకు సమంగా కొలిచి కలిపింది. నన్ను రుచి చూడమంది. “కన్నీళ్ల కంటె ఉప్పగుంటే పారబొయ్యాలె” అన్నది. అమ్మతో, “వదినె, పాలు గూడ ఆపకు. పోరడు గింత వాడిపోయినంక ఇంట్ల ఉంచొద్దు, దవాఖానకు పోదాం” అన్నది.

అందరం సిరిసిల్ల బస్సెక్కాం. దారి పొడుగునా కొంచెం కొంచెంగా తాపుతూనే ఉన్నాం. కక్కుకుంటే కాసేపు ఆగి మళ్ళీ తాపాం. దవాఖానలో సెలైన్ ఎక్కించారు. పొద్దుటి నుంచి చుక్క మూత్రం పోయని తమ్ముడు సాయంత్రానికి అమ్మ ఒళ్ళో పోశాడు. అమ్మ ఆ తడి చీరతోనే కూర్చుని ఏడ్చింది.

నీళ్ళు తాపుతూ రావడం మేలైందని డాక్టరు అన్నప్పుడు నానమ్మ తల వంచుకుంది. అలాగే అక్కను అడిగింది. “అయితే నా మనుమరాలికి గూడ నీళ్లే తక్కువైనయా బిడ్డా?”

మూడేళ్ళ కింద ఇవే విరేచనాలతో పోయిన నా చెల్లెలి గురించి ఆ ప్రశ్న.

అక్క నానమ్మ చెయ్యి పట్టుకుంది. “నాకు గూడ నా కొడుకు పోయినంకనే నర్సమ్మ చెప్పింది అవ్వా.”

ఇప్పుడు మా వాడలో ఏ పసివాడికి విరేచనాలైనా నన్ను పిలుస్తారు. కొలత చెప్తాను, దవాఖానకు ఎప్పుడు పరుగెత్తాలో చెప్తాను. ఆ ఇంట్లో ముసలమ్మ ఉంటే మాత్రం ముందు ఆమె పక్కన కూర్చుంటాను. నీకెవ్వరూ చెప్పలేదు కదవ్వా, నీ తప్పేం లేదు అంటాను. మా నానమ్మతో ఆ మాట అనాలని ఆ రోజు నాకు తోచలేదు. తోచేనాటికి ఆమె లేదు.