సార్ స్టేజీకి సారెవరు?

రిజిస్ట్రేషన్ కాగితాల్లో మా కాలనీకి ఒక దేవుడి పేరుంది. ఆ పేరు చెబితే జగిత్యాలలో ఒక్క ఆటో కదలదు. "సార్ స్టేజీ" అనాలి; ఇక్కడ ఆటో ఆగే చోటే స్టేజీ. అప్పుడు "గట్ల చెప్పుండ్రి మరి" అని ఎక్కించుకుంటారు.

ఆ సారు నేనేనని పన్నెండేళ్లుగా నమ్ముతూ వచ్చాను. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. సిరిసిల్ల నుంచి బదిలీ మీద వచ్చి, రోడ్డు మలుపు పక్క మెట్ట చెలకలో మొట్టమొదటి ఇల్లు కట్టుకున్నది నేను. పైగా లెక్కల సారును. రోజూ ఆ మలుపులోనే ఆటో ఎక్కి, అక్కడే దిగుతాను. లెక్క సరిపోయింది. బళ్లో పిల్లలకు మాత్రం ప్రతి మెట్టూ చూపించకపోతే మార్కులు కోస్తాను.

మొన్న మున్సిపాలిటీ నుంచి ఒక అమ్మాయి ఫారం పట్టుకొని వచ్చింది. వీధి మొదట్లో బోర్డు పెడతారట. జనం పిలిచే పేరే రాసి, అది ఎలా వచ్చిందో కింద రెండు వరుసల్లో రాస్తారట. వివరం రాసి వారంలో ఇవ్వమంది. ఆ రెండు వరుసల్లో నా పేరు ఎంత అందంగా ఇముడుతుందో అప్పుడే కొలిచి చూసుకున్నాను.

కొలతలంటే గుర్తొచ్చింది. మా ఎదురింటి పెద్దమనిషి భూములు కొలిచే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆయన్నూ అందరూ సారనే అంటారు. మా ప్లాట్లకు మొదట గొలుసు పట్టింది ఆయనే. ఫారం వచ్చినప్పటి నుంచి ఆయన మా గేటు ముందు ఆగి, ఒక నవ్వు నవ్వి పోతున్నాడు. ఒక రోజు స్వీటు డబ్బా కూడా పంపాడు, మనవరాలి పుట్టినరోజట. నేను మూత తీసి, లడ్డూలు ఎత్తి, డబ్బా అడుగు కూడా చూశాను.

"ఏం దేవులాడుతున్నరు?" అంది మా ఆవిడ.

"ఏంలేదు. గింత ప్రేమ ఎందుకొచ్చిందా అని."

"పేరు మీదేనని ఆటోళ్లు కాయితం రాసిచ్చిండ్రా? కోరుట్లల మా గల్లీని గిప్పటికీ గిర్ని గల్లీ అంటరు. పిండి పట్టే గిర్ని కూలిపోయి ఎన్నేండ్లాయె! పేరున్న కాడ మనిషి ఉండాల్నని ఏమన్న ఉన్నదా?"

వాదనలోకి పుట్టిల్లు వచ్చిందంటే నేను బయటికి రావాలి. వచ్చాను.

ఉన్న సాక్షి ఒక్కడే, ఆ దారిలో అందరికంటే పాత ఆటో డ్రైవరు, మేమంతా చాచా అని పిలిచే ఆయన. ఆదివారం అడ్డా మీద పట్టుకొని చాయ్ తాగించాను. సమోసా కూడా చెప్పాను. నేను ఇస్తున్నది మర్యాదా లంచమా అని నా మీద నాకే అనుమానం వచ్చింది.

"చాచా, మన స్టేజీకి గా పేరెట్ల పడ్డది?"

చాచా చాయ్ ఊదుకుంటూ నన్ను కిందికీ మీదికీ చూశాడు. "మొన్న కొలతల సారు గూడ గిదే అడిగిండు. మిర్చి బజ్జీలు తినిపిచ్చిండు."

"మరేం చెప్పినవ్?"

"ఖుదా కసం, నిజమే చెప్పిన. ఏ సారూ లేడు."

ఇళ్లు లేని రోజుల్లో, ఊళ్ల నుంచి వచ్చేటప్పుడు ఆటో నిండకపోతే చాచా ఆ మలుపులో ఆపేవాడట. చెలకల అడ్డదారిన ఇద్దరు ముగ్గురైనా రాకపోతారా అని ఆశ. లోపల ఉన్నవాళ్లు లొల్లి పెడితే, ముందు సీటును తువ్వాలతో తుడిచి, "ఒక సారు వస్తుండు, నౌకరి మనిషి, మాటిచ్చిన" అనేవాడట. సారనగానే అందరూ చప్పబడేవాళ్లు. ఎవరో ఒకరు వచ్చి సీటు నిండేది. సారు మాత్రం ఏనాడూ రాలేదు.

"కూలికి పోయే ఆడోళ్లు పెట్టిండ్రు పేరు, నన్ను ఎక్కిరిచ్చుడుకు. 'ఓ భాయ్, నీ సార్ స్టేజీ వచ్చింది, ఆపుకో' అని. నువ్వు ఇల్లు కట్టేటప్పటికే పేరు ముదిరిపోయింది సార్."

పన్నెండేళ్ల నా సారుతనమంతా ఆ గ్లాసు అడుగున చాయ్‌పొడిలా మిగిలింది. నా మొహం చూసి జాలేసిందేమో, చాచా గొంతు తగ్గించాడు.

"నువ్వు మొదటిసారి ఎక్కిన రోజు యాదికున్నది నాకు. సారు నిజంగనే వచ్చిండని ఆటోల అందరు నోరు తెరిచిండ్రు. గా రోజు నా ఇజ్జత్ నిలవెట్టినవ్."

ఆ మాట సగం దారి దాకా తియ్యగా ఉంది. మిగతా సగంలో అనుమానం మొదలైంది. బజ్జీలు తిన్న రోజు ఎదురింటాయనకు కూడా 'నా ఇజ్జత్ నిలవెట్టినవ్' అనే చెప్పి ఉంటాడా? ఆ నవ్వు అందుకేనా?

నాలుగుసార్లు రాసి, కొట్టేసి, చివరికి ఫారంలో ఒక్క వాక్యం రాశాను. "రావలసిన ఒక సారు కోసం ఇక్కడ ఆటో ఆగేది." మున్సిపాలిటీ అమ్మాయి చదివి, "మరి వచ్చిండా సార్?" అని అడిగింది. తెలుస్తలేదు అన్నాను.

మర్నాడు పొద్దున మలుపులో ఆగిన చాచా ఆటోలో ముందు సీటు నాది. వెనక కొలతల సారు, ఆయన పక్కన ఒక కాలేజీ అమ్మాయి. ఇంకొకరికి చోటుంది. ఆటో కదల్లేదు.

"ఇంకెంతసేపు చాచా? నాకు పరీక్షున్నది."

చాచా తువ్వాలతో అద్దం తుడుస్తూ, ఇటు నన్ను గానీ అటు ఆయన్ను గానీ చూడకుండా, "ఒక్క నిమిషం బిడ్డా, సారు వస్తుండు" అన్నాడు.

నేను మెల్లగా వెనక్కి తిరిగాను. కొలతల సారు తల బయటికి పెట్టి, నిజంగా ఎవరో వస్తున్నట్టే రోడ్డు వైపు చూస్తున్నాడు. నేనూ అటే చూశాను.